నా మచ్చకి నా కూతురి ఒప్పుకోలు

గూడెం కొండల్లో పితూరీ అణిగిన మరుసటి ఏడు, చలికాలంలో, మేం ఐదారుగురు ఆడవాళ్ళం అడ్డాకులు కోయడానికి గాలికొండ కింది అడవికి వెళ్ళాం. నా ఆరేళ్ళ కూతురు రూతు కూడా వెంట వచ్చింది. తీగలు లాగుతుంటే పైనుంచి ఎండిన దూలగొండి కాయలు రాలి, వాటి నూగు అందరి చేతుల మీదా మెడల మీదా పడింది. దూలగొండి తగిలినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అందరూ ఒళ్ళు గోక్కుంటూ వాగులోకి పరిగెత్తారు. రూతు ఏడుపు లంకించుకుంది. నేనూ కుడిచెయ్యి, మెడ, చెవులు రక్కుకున్నాను. ఎడమ ముంజేతి మీద మాత్రం ఒకచోట, తమలపాకంత మేర, నూగు కళ్ళకి కనబడుతోంది గాని దురద లేదు.

"ఒలే సుక్రీ, నీ సెయ్యికి సిగ్గు నేదేటి? అందరం సస్తంటే అది నిద్దరోతంది," అని మా వదిన నవ్వింది. నేనూ నవ్వాను. ఆకులు మోపుకట్టుకుని ఇంటికి వచ్చేశాం.

పేర్ల సంగతి ముందే చెప్తాను. నేను శుక్రవారం పుట్టాను కాబట్టి మావాళ్ళు సుక్రి అని పిలిచారు. మిషన్ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాక, బాప్తిస్మంలో మార్త అయ్యాను. నా భర్త యాకోబుగారు కింద మైదానం నుంచి వచ్చిన ఉపదేశి. మా ఊళ్ళో ప్రార్థన చెప్పేదీ, పిల్లలకి చదువు చెప్పేదీ, ఆదివారం వాక్యం చెప్పేదీ ఆయనే. మా కొండ ఆడవాళ్ళు మొగుణ్ణి నువ్వు అంటారు. నాకు బడిలో దొరసాని "ఏమండీ" అని నేర్పింది, అదే అలవాటయింది. మా అన్న పేరు బిసోయి, వాగు అవతలి ఊళ్ళో ఉంటాడు. అతను బాప్తిస్మం తీసుకోలేదు. ఈ కథలో మనుషులు ఇంతే, కింద ఆశ్రమంలో ఇద్దరు కలుస్తారు.

నెల తిరిగేసరికి ఆ చోట చర్మం పాలిపోయి మచ్చ తేలింది. దాని మీద వెంట్రుకలు రాలిపోయాయి. పొలంలో ఒళ్ళంతా చెమట కారుతున్నా అక్కడ పొడిగా ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం నేను సామలు దంచుతుంటే మా ఆయన చూశారు. చేయి పట్టుకుని వెలుతురులోకి తీసుకెళ్ళి, కోడి ఈక ఒకటి తెచ్చారు.

"కళ్ళు మూసుకో మార్తా. ఈక ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టు."

నేను మూసుకున్నాను. మోచేతి దగ్గర తగిలింది, వేలు పెట్టాను. అరచేతిలో తగిలింది, పెట్టాను. తర్వాత ఊరికే నిలబడ్డాను.

"పెట్టవేం?" అన్నారు.

"మీరింకా ముట్టుకోలేదు కదండీ."

కళ్ళు తెరిచేసరికి ఈక మచ్చ మీదే ఉంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఈకని పొయ్యిలో పడేసి బయటికి వెళ్ళిపోయారు. ఆ పరీక్ష ఆయనకి ఎవరు నేర్పారో అడగాలని ఆ రోజు నాకు తోచలేదు.

మూడోరోజు సంత నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చుని అన్నారు.

"ఇది దేవుని చెయ్యి మార్తా. నువ్వేదో దాచావు. ఒప్పుకో. ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడు, బాగు చేస్తాడు."

ఇక్కడ మా కొండ పద్ధతి ఒకటి చెప్పకపోతే, నేను చేసిన పొరపాటు మీకు అర్థం కాదు. మా ఊళ్ళలో ఎవరైనా తప్పు చేస్తే పెద్దల ముందు నోరు విప్పి చెప్పుకోవాలి. చెప్పుకున్నాక ఆ మనిషే అన్నం వండి, ఎవరికి అన్యాయం చేసిందో వాళ్ళకి తన చేత్తో వడ్డించాలి. వాళ్ళు తింటే తప్పు తిన్నట్టు. తిని చేయి కడుక్కున్నాక ఆ మాట ఇంక ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాడిదే అప్పుడు తప్పు. చిన్నప్పటి నుంచీ ఇది చూస్తూ పెరిగాను. ఏసయ్య దగ్గరికి వచ్చాక, ఒప్పుకోలు అన్న మాట వినగానే నాకు మనసులో మెదిలింది ఇదే. పాపం చెప్పుకుంటాం, ఆయన మోసేస్తాడు, మళ్ళీ ఎత్తడు. ఇంత మంచి సంగతి మావాళ్ళకి ముందే తెలుసు కదా అని మురిసిపోయేదాన్ని కూడా.

అందుకని చెప్పేశాను. అంతకు రెండేళ్ళ ముందు రూతుకి చలిజ్వరం వచ్చింది. ఆయన కింద ఉపదేశుల సభకి వెళ్ళారు. మిషన్ వాళ్ళిచ్చిన క్వినైన్ పొడి వేశాను, ప్రార్థన చేశాను, నాలుగు రోజులైనా ఒళ్ళు కాలిపోతూనే ఉంది. పిల్ల కళ్ళు తేలేస్తుంటే నాకు కాళ్ళు ఆగలేదు. వాగు దాటి, కొండదేవతకి పూజ చేసే దిశారి దగ్గరికి పోయి, నల్లకోడిని కోయించాను. రెండ్రోజులకి జ్వరం దిగింది. క్వినైన్‌కి దిగిందో కోడికి దిగిందో నాకెలా తెలుస్తుంది? ఆ మాట ఆయనకి చెప్పకుండా దాచాను. దాచడం తప్పే. ఏసయ్యని నమ్మానని నీళ్ళలో మునిగి చెప్పిన మనిషిని, భయం వేసినప్పుడు ఇంకో గుమ్మానికి పరిగెత్తాను. అది తప్పేనని ఇప్పటికీ అంటాను. ఆ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని నేను ఏడ్చిన ఏడుపు దొంగ ఏడుపు కాదు.

ఏడ్చాక లేచి అన్నం వండాను. ఎండుచేప పులుసు చేసి, అడ్డాకు విస్తట్లో నా చేత్తో వడ్డించాను. ఆయన తిన్నారు. మళ్ళీ వడ్డించమన్నారు, వడ్డించాను. చేతి మీద నీళ్ళు నేనే పోశాను. నా మట్టుకు అది అక్కడితో అయిపోయింది. ఆయన మట్టుకు అది మధ్యాహ్నం భోజనం. ఆయన మైదానం మనిషి, మా పద్ధతి ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు. ఇంత పెద్ద సంగతి అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను.

ఆదివారం వచ్చింది. మా ప్రార్థన పాక చిన్నది, ఏడిళ్ళ వాళ్ళం. ఆయన లేచి మారుమనస్సు గురించి వాక్యం చెప్పారు. చెప్తూ చెప్తూ నా వైపు చెయ్యి చూపించారు.

"దేవుడు శిక్షని నా ఇంటి నుంచే మొదలుపెట్టాడు. నా భార్య మార్త, రూతు జ్వరం కోసం నా వెనకాల విగ్రహం దగ్గర కోడిని కోయించింది. చూడండి, ఆమె చెయ్యి చూడండి."

అందరూ తిరిగి చూశారు. రూతు నా ఒళ్ళో ఉంది. అది కూడా తల ఎత్తి నా చెయ్యి చూసింది. నాకు ఒంట్లో ఏ మచ్చా లేని చోట్ల కూడా స్పర్శ పోయినట్టయింది. ఇంటికి వచ్చాక అడిగాను.

"తిన్నారు కదండీ. తిని చెయ్యి కడుక్కున్నారు కదా."

"తింటే?" అన్నారు ఆయన. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

ఆ రోజు నుంచి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్లకి నన్ను రానివ్వలేదు. పాక గుమ్మం దగ్గర కూర్చోమన్నారు. మారుమనస్సు నిజమైతే మచ్చ పోతుందన్నారు. మచ్చ పోలేదు, పెరిగింది. పెరిగితే, "ఇంకా ఏదో దాచావు," అన్నారు. దాచింది ఏమీ మిగల్లేదు. ఐనా ప్రతి ఆదివారం ఏదో ఒకటి చెప్పాలి. అందుకని కల్పించడం మొదలుపెట్టాను. అత్తగారిని మనసులో తిట్టుకున్నానన్నాను. నేను పెళ్ళయి వచ్చేసరికే ఆవిడ చనిపోయింది. సంతలో వలిసెల తూకంలో మోసం చేశానన్నాను. నేను వలిసెలు ఏనాడూ అమ్మలేదు. అందరూ ఆమేన్ అన్నారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం నిజంగానే ఏ పాపం మర్చిపోయానో అని తల బద్దలు కొట్టుకునేదాన్ని.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఎడమ చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు వంగడం మొదలుపెట్టాయి. చాచితే చాచుకునేవి కావు. మోచేతి వెనక తాడులాంటిది లావుగా తగిలేది. వానాకాలంలో ఒకరోజు అంబలి కుండ దింపాక, చర్మం కాలిన వాసన వస్తోందని ఇల్లంతా వెతికాను. కాలింది నా చెయ్యే. ఆ బొబ్బ పుండయింది.

అప్పుడు మా అన్న వచ్చాడు. గుమ్మంలో నిలబడి నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సుక్రీ, ఇది పెద్దరోగం. మన తాతకి ఇలాగే మొదలయినాది. మీ ఆయన ఏటి సేత్తన్నాడు?"

"ప్రార్థన చేస్తున్నారు."

"సేసుకోనీ. కాళ్ళు బాగానే ఉన్నాయి గదా, కిందకి దింపొచ్చు కదా. బావా, కింద పెద్దరోగం ఆసుపత్రి ఉందట గదేటి?"

ఆయన ఇంట్లోనే ఉన్నారు. మిషన్ దొరగారి చీటీ లేకుండా చేర్చుకోరనీ, చీటీ రాయిస్తాననీ, దేవుని సమయం ఇంకా రాలేదనీ అన్నారు. మా అన్న వినలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను బయల్దేరదీశాడు. రూతు గుమ్మం పట్టుకుని నిలబడింది, ఏడవలేదు. నన్ను చూసి తల దించుకుంది. నా నుంచి అంటుకుంటుందేమోనని భయపడుతోంది కాబోలు అనుకుని, దగ్గరికి తీసుకోకుండానే వచ్చేశాను. ఆ తల దించుకోవడానికి అర్థం నాకు ఏడాదిన్నర తర్వాత గాని తెలియలేదు.

పాచిపెంట ఘాటీ దిగి, నాలుగు రోజులు నడిచి, పార్వతీపురం వైపు ఉన్న కుష్ఠు ఆశ్రమానికి చేరాం. అక్కడ డాక్టరు ఒక దొరసాని. ఆవిడ తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. చీటీ అడగనే లేదు. పుండు కడిగించి, జబ్బు క్రిములున్నాయేమో చూడడానికి ముక్కులోంచి స్మియర్ తీయించి, మోచేతి వెనక తాడుని వేలితో నొక్కి చూసింది.

"ఇది అల్నార్ నర్వ్ అను నరము. మిక్కిలి లావైనది. నీవు ఆలస్యముగా వచ్చితివి. ఎనిమిది మాసముల ముందు వచ్చియున్న యెడల ఈ వ్రేళ్ళు వంగకపోవును."

"నా పాపం వల్ల వచ్చిందండీ," అన్నాను. నోటికి అదే అలవాటైపోయింది.

ఆవిడ రాస్తున్న కలం ఆపింది.

"పాపము కాదు. ఇది బాసిల్లస్ అను క్రిమి. నేను కూడ పాపిని, నాకు రాలేదు. ఎవరు చెప్పిరి?"

చెప్పాను. మా ఊరి పేరు, ఆయన పేరు విని ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. సుమారు మూడేళ్ళ క్రితం సభలో ఉపదేశులందరికీ తానే ఈ జబ్బు గురించి పాఠం చెప్పిందట. కళ్ళు మూయించి ఈకతో చూడమని నేర్పిందట. మచ్చ మీద స్పర్శ లేకపోతే ఆలస్యం చేయకుండా పంపమని చెప్పి, పంపుతామని ఒక్కొక్కరి చేతా సంతకం చేయించిందట. రూతుకి జ్వరం వచ్చినప్పుడు ఆయన వెళ్ళిన సభ అదే.

నాకు అప్పుడు తెలిసింది. ఈక పొయ్యిలో పడేసిన రోజునే ఆయనకి తెలుసు. తెలిసి, మూడురోజులు ఆలోచించుకుని, వచ్చి నన్ను పాపం అడిగారు. ఉపదేశి ఇంట్లో పెద్దరోగం ఉందంటే ఊరు ఆయన మాట వినదు. ఉపదేశి భార్య పాపం చేసి శిక్ష అనుభవిస్తోందంటే ఇంకా బాగా వింటుంది. నేను ఆయన ముందు ఏడుస్తూ చెప్పుకున్న మాట, ఆయనకి అవసరమైన సమయానికి దొరికింది. ఆ రోజు ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని నేను ఏడవలేదు. కోపంతో పళ్ళు నూరుకుంటే దవడలు నొప్పెట్టాయి.

ఇంక వైద్యం సంగతి. వారానికి రెండుసార్లు చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్. సూది లావు, నూనె చిక్కన, అది కండలోకి దిగేసరికి ప్రాణం పోయినంత పనయ్యేది. గట్టిగా గడ్డలు కట్టేవి, కూర్చోలేం, ఒక పక్కకే పడుకోవాలి. రోజూ పుండుకి డ్రెస్సింగ్. వేళ్ళకి వేడినీళ్ళు, నూనె మర్దన, చాచే కసరత్తు. కొందరు గడ్డలకి భయపడి సూది తప్పించుకు తిరిగేవాళ్ళు. నేను ఒక్కటీ మానలేదు. ఎలాగైనా బాగై వెళ్ళి నా కూతుర్ని దగ్గరికి తీసుకోవాలి, నాకు అదొక్కటే ఉంది.

మా వరసలో పక్క మంచం అప్పలమ్మది. పార్వతీపురం దగ్గరి పల్లెటూరు, పెద్ద నోరు. నా కథంతా విని ఆవిడ అడిగిన మాట ఇది.

"ఓలమ్మ, మీ దేవుడు ఊరూరా తిరిగి కోళ్ళు లెక్కెట్టుకుంటాడేటి? మరి నానేటి సేసినానని నాకొచ్చింది? మా ఇంట కోడే నేదు."

ఎనిమిది నెలల తర్వాత నేను మొదటిసారి నవ్వింది అప్పుడే.

రెండో ఏడు మొదట్లో రియాక్షన్ వచ్చింది. మందు మోతాదు పెంచిన వారానికి ఒళ్ళు కాగిపోయి, మచ్చ ఎర్రగా ఉబ్బి, మోచేతి నర్వ్ ముట్టుకుంటే ప్రాణం విలవిల్లాడింది. "ఇంజెక్షన్ ఆపవలెను. ఓర్చుకొనుము. ఇది వెనుకకు పోవుట కాదు," అంది దొరసాని. పది వారాలు మంచం దిగలేదు. ఓర్చుకోమనడం తేలికే. ఆ పది వారాల్లో రూతుకి నేను రాసిన ఉత్తరాలకి ఒక్క జవాబే వచ్చింది, అదీ ఆయన చేతిరాతలో. రూతు క్షేమమనీ, విశ్వాసంలో చక్కగా ఎదుగుతోందనీ, చూసినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటున్నారనీ రాశారు. ఎందుకు కన్నీళ్ళో రాయలేదు.

అది మా అన్న చెప్పాడు. నేను లేచి తిరుగుతున్నప్పుడు ఒక పొద్దున వచ్చి కంచె అవతల నిలబడ్డాడు. జొన్నపొత్తులు తెచ్చాడు. చాలాసేపు వానల గురించీ, పోడు గురించీ మాట్లాడాడు. నాకు అనుమానం వచ్చింది.

"రూతు ఎలాగుందన్నా?"

"ఉంది."

"చెప్పు."

"నాను ఆ పాక బయట నిలబడి ఇన్నాను సెల్లీ. ఆదివారం ఆదివారం గుంట లేచి నిలబడతంది. నా జొరం కోసం మా యమ్మ కోడిని కోయించింది, నా వల్లే మా యమ్మ సెయ్యి కుళ్ళిపోయింది, నన్ను చెమించండి, అంటంది. అందరూ ఏడుత్తారు. ఇప్పుడు బావ దాన్ని చుట్టుపక్కల ఊళ్ళకి కూడా తిప్పుతున్నాడు. దాని సేత సెప్పించి, తర్వాత ఆయన వాక్యం సెప్తాడు."

గుమ్మం దగ్గర పిల్ల తల ఎందుకు దించుకుందో అప్పుడు తెలిసింది. అది నాకు భయపడలేదు. నన్ను తనే పాడు చేశాననుకుంది. ఆరేళ్ళప్పటి నుంచీ పిల్ల ఆ మాట మోస్తోంది, మోస్తుంటే పెద్దవాళ్ళు ఆమేన్ అంటున్నారు. నా చేతి సంగతి నేను ఎప్పటికో క్షమించేదాన్నేమో. దీన్ని క్షమించలేదు. క్షమించానని రాస్తే అబద్ధం.

అన్న చేత చెప్పించవచ్చు కదా అంటారేమో. వెళ్ళి చెప్పాడు. బాప్తిస్మం లేని మావయ్య మాట కన్నా ఉపదేశి తండ్రి మాటే పిల్లకి ఎక్కువ. నేనే వెళ్ళాలి. వెళ్ళాలంటే స్మియర్ నెగెటివ్ రావాలి. ఒకసారి వచ్చి మళ్ళీ పాజిటివ్ వచ్చింది, ఆ రోజు అన్నం ముట్టలేదు. తర్వాత వరసగా నెగెటివ్ వస్తూ పోయాయి. మూడో ఏడు చివర దొరసాని నా కాగితం మీద సింప్టమ్ ఫ్రీ, అంటే జబ్బు లక్షణాలు లేవు, అని రాసి, "ప్రతి ఆరు మాసములకు వచ్చి చూపించుకొనుము. వ్రేళ్ళు ఇట్లే యుండును. నీవు ఎవరికిని అంటించవు," అని చెప్పింది. నేను ఆ కాగితం రైకలో పెట్టుకుని కొండెక్కాను.

ఆయన పాక అరుగు మీద పిల్లలకి చదువు చెప్తున్నారు. నన్ను చూసి పిల్లల్ని పంపేశారు. కళ్ళు తుడుచుకున్నారు. నా భర్త రాతి మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. ఏడుపు ఆయనకి తొందరగా వస్తుంది.

"నాకు తెలుసు మార్తా, ఈక సంగతి నీకు తెలిసిపోయి ఉంటుందని. నేను రోజూ దేవుని ముందు మోకరించి ఏడ్చాను. ఆయన నన్ను క్షమించాడు. నా మనసుకి సమాధానం ఇచ్చాడు."

"నన్ను అడక్కుండా ఎలా క్షమించాడండీ?"

ఆయన పిల్లల పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టారు.

"సరే, నన్ను ఒగ్గేయండి," అన్నాను. కోపం వస్తే నాకు మా ఊరి మాట వచ్చేస్తుంది. "నా ఉత్తరాలు ఏం చేశారో అడగను. రేపు ఆదివారం లేచి ఒక్క మాట చెప్పండి. మార్తకి వచ్చింది జబ్బు, పాపం కాదు, నాకు మొదటిరోజే తెలుసు, రూతు చేసింది ఏమీ లేదు అని. ఎక్కడ నిలబడి మొదలుపెట్టారో అక్కడే నిలబడి చెప్పండి. రూతు వినాలి."

"చెప్తే నా ఉపదేశం పోతుంది. నేను పోతే పోనీ, వీళ్ళంతా వెనక్కి పోతారు. ఇన్ని ఆత్మలు మార్తా. ఆలోచించు."

"ఆలోచించాను. మూడేళ్ళు పడుకుని ఆలోచించాను. మారుమనస్సు అంటే మనసు మారాలి కదా, నా మచ్చ మారాలని ఎందుకు చూశారు?"

"ప్రార్థిస్తాను," అన్నారు.

రూతు బడికి వెనక గదిలో ఉంది. తొమ్మిదేళ్ళది, నా భుజానికి వచ్చింది. నన్ను చూసి దగ్గరికి రాలేదు, చేతులు కట్టుకుని నిలబడింది. దానికి అప్పుడే చెప్పేయాల్సింది. తండ్రి నోటితో వింటే నమ్ముతుందని ఆగాను. ఆయనకి ఒక్క అవకాశం ఇద్దామని కూడా అనుకున్నాను. అది నా బుద్ధితక్కువ.

ఆదివారం నేను గుమ్మం దగ్గర కూర్చోలేదు, లోపల ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. మా అన్న బయట చూరు కింద నిలబడ్డాడు. ఆయన ఒప్పుకోలు ప్రార్థన దగ్గరికి వచ్చి ఆగారు. నా వైపు చూశారు. చెప్తారనే అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. ఆయన పెదవులు కదిలాయి. ఇంతలో, తన వంతు అనుకుని, రూతు లేచి నిలబడింది.

"నా జ్వరం కోసం మా అమ్మ..."

నేనూ లేచాను.

"కూర్చో రూతూ. నీ వల్ల ఏమీ కాలేదు. ఇది క్రిమి వల్ల వచ్చిన జబ్బు. మీ నాన్నగారికి తెలుసు. అడుగు."

పిల్ల తండ్రి వైపు తిరిగింది. అందరూ తిరిగారు. ఆయన పాటల పుస్తకం తెరిచి, కీర్తన ఎత్తుకున్నారు. గొంతు బాగుంటుంది ఆయనది. ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. రూతు పాట మధ్యలో అలాగే నిలబడి ఉంది, కూర్చోవాలో నిలబడాలో తెలియక. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

వాగు దాకా నడిచి వెళ్ళాం. నీళ్ళలో కాళ్ళు పెట్టాక అడిగింది.

"అయితే నానేటీ సేయలేదా?"

"ఏమీ చేయలేదమ్మా."

"మరి ఇన్నాళ్ళూ ఒప్పుకున్నదంతా ఏటయిపోయింది?"

పిల్లని దగ్గరికి తీసుకున్నాను, వంగిన వేళ్ళతోనే. మా అన్న ముందు నడిచాడు.

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. అన్న ఇంటి పక్కనే పాక వేసుకుని నేనూ రూతూ ఉంటున్నాం. నేను పిల్లలకి అక్షరాలు దిద్దిస్తాను. ఆరు నెలలకొకసారి కిందకి దిగి స్మియర్ ఇచ్చి వస్తాను, ఇప్పటిదాకా నెగెటివే. ఏసయ్యని నేను వదల్లేదు. ఏసయ్య నా దగ్గర విన్న మాట ఎవరికీ చెప్పలేదు. యాకోబుగారిని చింతూరు వైపు ఏదో ఊరికి మార్చారని విన్నాను. మారుమనస్సు గురించి ఇప్పటికీ చాలా బాగా చెప్తారట. మా ఇంటి వైపు మాత్రం రాలేదు.

మొన్న వానల్లో నాకు మామూలు చలిజ్వరం వచ్చింది. క్వినైన్ వేసుకుని పడుకుంటే రూతు కనబడలేదు. లేచి చూస్తే ఇంటి వెనక, గోడకి ముఖం పెట్టుకుని, చేతులు జోడించి, క్షమించమని గొణుక్కుంటోంది. పదకొండేళ్ళ పిల్ల.

"ఏం చేశావే?" అన్నాను.

"తెల్దమ్మా. ముందే అడిగేత్తన్నాను."

ఇది చదివేవాళ్ళలో జబ్బు మొదలైనవాళ్ళు ఉంటారు, వాళ్ళకి పిల్లలు ఉంటారు. మందు మొదలుపెట్టిన రోజునే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ జబ్బు దేనివల్ల వచ్చిందో, వాళ్ళ వల్ల ఎందుకు కాదో, మీ నోటితో మీరే చెప్పండి. ఇంకొకరు చెప్పేదాకా ఆగకండి. నేను ఆగాను.